ముఖద్వారం వేరు, లోపలి పొర వేరు: సంపాదకులకు ఒక లేఖ

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశా రాష్ట్రం గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. ఇప్పుడు నాకు 62 ఏళ్లు. గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ ఉందని ఈ మార్గశిర మాసంలోనే తేలింది. సంక్రాంతికి ముందు వారంలో విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేస్తామని తేదీ ఇచ్చారు. ఆ తేదీ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఈ రోజుల్లో మీకు రాయాలనిపించడానికి కారణం నా బాధ చెప్పుకోవడం కాదు. పత్రికలు, వైద్య శిబిరాల కరపత్రాలు అజాగ్రత్తగా వాడే ఒక మాటను నమ్మి నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కనుక ఆ మాట సంగతి మీ ద్వారా నలుగురికీ తెలియాలి.

ఆ మాట ‘గర్భాశయ క్యాన్సర్’. ఆడపిల్లలకు టీకా వేయించాలని, ముప్పై దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకోవాలని చెప్పే వార్తల్లోనూ ప్రకటనల్లోనూ చాలాసార్లు ఈ మాటే వాడుతున్నారు. వాళ్లు చెబుతున్నది నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి. హ్యూమన్ పాపిల్లోమా వైరస్ వల్ల వచ్చేది, టీకాతో చాలావరకు నివారించగలిగేది, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ పరీక్షతోనో, పలచటి వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూసే పరీక్షతోనో ముందుగా పట్టుకోగలిగేది అది. నాకు వచ్చింది అది కాదు. గర్భసంచి లోపల, ప్రతి నెలా పెరిగి రాలిపోయే పొరలో పుట్టేది నాది. దానికి ఆ వైరస్‌తో సంబంధం లేదు, ఆ టీకా దీన్ని ఆపదు, ముఖద్వారానికి చేసే పరీక్ష బాగుందని వచ్చినంత మాత్రాన లోపలి పొర బాగున్నట్టు కాదు. ఒకే అవయవంలో పుట్టినా కారణంలోనూ లక్షణంలోనూ పరీక్షలోనూ వేరైన రెండు జబ్బులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాము.

మూడేళ్ల క్రితం మా వీధి చివర జరిగిన వైద్య శిబిరంలో నేను కూడా ఆ ద్రావణపు పరీక్ష చేయించుకున్నాను. నర్సమ్మ చూసి అంతా బాగుందని చెప్పి ఒక కాగితం చేతికిచ్చింది. కాగితం ఒడియాలో ఉంది. నేను ఒడియా చదవగలను. ‘జరాయు కర్కట’ అని రాసి ఉంది. అచ్చంగా రాయాలంటే ‘జరాయు ముఖ కర్కట’ అని ఉండాలి. తెలుగులో పోయినట్టే అక్కడా ‘ముఖ’ అన్న మాట జారిపోయింది. తెలుగు బడిపంతులమ్మను కనుక ఇంకో సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మన తెలుగులో జరాయువు అంటే కాన్పులో బిడ్డ తరువాత పడే మాయ. ఒడియాలో జరాయు అంటే గర్భసంచే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, మందుల చీటీ మీద ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్య బతికే మా సరిహద్దు ఊళ్లలో ఒక్కొక్క మాట ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థం తొడుక్కుంటుంది. ఆ కాగితాన్ని నేను రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం దాచే రేకు పెట్టెలో భద్రంగా పెట్టుకున్నాను. నాకు గర్భసంచి క్యాన్సర్ లేదని రాతపూర్వకంగా ఉన్నట్టే భావించాను.

ఈ ఏడాది రథయాత్ర రోజుల్లో మొదటిసారి చీరకు ఎర్రటి మరక కనబడింది. నాకు ముట్లుడిగి పన్నెండేళ్లు దాటింది. ఎండకు వేడి చేసిందనుకున్నాను. మరో పదిహేను రోజులకు మళ్లీ కనబడింది. మూలశంక అనుకున్నాను. పరీక్ష చేయించుకున్నానన్న ధైర్యం ఒక పక్క, ఈ వయసులో ఈ మాట ఎవరితో అనగలనన్న సిగ్గు ఇంకో పక్క కలిసి నన్ను నోరెత్తనివ్వలేదు. సిగ్గు కంటే ధైర్యమే నాకు ఎక్కువ చేటు చేసిందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ పాత కాగితమే లేకపోతే సిగ్గు పడుతూనే అయినా ఎవరికో ఒకరికి చెప్పి ఉండేదాన్ని.

పట్టుకున్నది మా కోడలు. కార్తీక మాసం మొదటి సోమవారం తెల్లవారుజామున నేను దీపం పెట్టడానికి దేవుడి గదిలోకి వెళ్లకుండా గడప అవతలే నిలబడి, మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి నువ్వే పెట్టమ్మా అన్నాను. రక్తం కనబడుతున్నప్పుడు దేవుడి గది తొక్కకూడదన్నది చిన్నప్పటినుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఆ పిల్ల దీపం పెట్టి, వత్తి సరిచేసి, బయటికి వచ్చి నా మొహం చూసింది. “అత్తా, మోకాలు నొప్పయితే గుమ్మం కాడ ఇంతసేపెలాగ నిలబడ్డావు? ఏటయింది, నిజం చెప్పు” అని అడిగింది. అప్పుడు చెప్పాను. రథయాత్ర నుంచి కార్తీకం దాకా నేను దాచిన సంగతి ఆమె అడిగిన ఒక్క ప్రశ్నతో బయటపడింది. ఆ ప్రశ్నను ఎవరైనా ముందే అడిగి ఉండవచ్చు. నెలనెలా మా వీధికి వచ్చి చక్కెర, రక్తపోటు చూసి వెళ్లే ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. ఎన్నో అడుగుతారు గాని, ముట్లుడిగిన తర్వాత ఎప్పుడైనా ఎరుపు కనబడిందా అని నన్ను ఎవరూ ఎన్నడూ అడగలేదు.

ఆ వారంలోనే స్కానింగ్ చేయించాము. ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడే స్త్రీకి లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్ష చేయాలంటారు. నాకు 14 వచ్చింది. ఆ రిపోర్టు చూసిన మొదటి నర్సింగ్ హోమ్‌లో ముక్క పరీక్ష ఊసే ఎత్తలేదు. “ఈ వయసులో ఇంక ఎందుకమ్మా అది, గర్భసంచి తీసేద్దాం, గురువారం ఖాళీ ఉంది” అన్నారు. ఆ మాట మా ప్రాంతంలో ఎంత తేలిగ్గా వినబడుతుందో చెప్పనవసరం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూసినా గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్ట అయినా నడుంనొప్పి అయినా ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్న వాళ్లు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. అవసరం లేని వాళ్లకు తీసేయడం ఒక అన్యాయమైతే, క్యాన్సర్ ఉందో లేదో చూడకుండా నాలాంటి వాళ్లకు తీసేయడం ఇంకొక అన్యాయం. లోపల క్యాన్సర్ ఉన్న గర్భసంచిని మామూలు గర్భసంచి లాగా తీసేస్తే, జబ్బు ఎంతవరకు పాకిందో ఆ ఆపరేషన్‌లోనే చూసుకోవలసిన అవకాశం పోతుంది. అండాశయాలు, లింఫ్ గ్రంథులు చూడకుండా వదిలేస్తే రెండోసారి కడుపు కోయవలసి రావచ్చు. అందుకే ముక్క పరీక్ష ముందు, ఆపరేషన్ తరువాత. ఈ వరుస తప్పకూడదు. మా కోడలు నర్సింగ్ చదివిన తన స్నేహితురాలికి ఫోన్ చేసి అడగబట్టి ఆ గురువారం ఆపరేషన్ నుంచి తప్పించుకున్నాను.

వేరే డాక్టరమ్మ దగ్గర ముక్క తీయించాము. అది పది నిమిషాల పని. నొప్పి ఉంటుంది, లేదని చెప్పను. అయితే ఓర్చుకోలేనిది కాదు. పరీక్ష చేసే ల్యాబు బరంపురంలో ఉంది, పంపడానికి వాళ్ల మనిషి రెండు రోజులదాకా లేడు. మా వారే తీసుకెళ్తానన్నారు. బొటనవేలంత సీసాలో నీళ్లలాంటి మందులో తేలుతున్న గోధుమరంగు తునకలను పాలిథిన్ కవరులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని తెల్లారగట్ల బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చుంటే ఎండ తగులుతుందేమోనని లోపలి సీటులో కూర్చున్నారట. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నాకు చేసిన సేవలన్నిటిలోకీ నా మనసులో నిలిచిపోయింది ఈ ప్రయాణమే.

తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. ‘ఎండోమెట్రియాయిడ్ అడెనోకార్సినోమా, గ్రేడ్ 1’ అని ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. కార్సినోమా అన్న మాట ఒక్కటే తెలిసింది. చేతికిచ్చిన ఆయన ఒడియాలో “చింత కరంతు నాహిఁ” అన్నారు. దిగులు పడవద్దన్నారు, మంచిదే. దేని గురించి దిగులు పడకూడదో చెప్పిన వాళ్లు లేరు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. గ్రేడ్ 1 అంటే మొదటి దశ అనుకుని మా అబ్బాయి కొంచెం కుదుటపడ్డాడు. అదీ తప్పేనని తరువాత తెలిసింది. గ్రేడ్ వేరు, స్టేజి వేరు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు క్యాన్సర్ కణాలు మామూలు కణాలకు ఎంత దగ్గరగా కనిపిస్తున్నాయో గ్రేడ్ చెబుతుంది. గ్రేడ్ 1 అంటే నిదానంగా పెరిగే రకమని అర్థం. జబ్బు ఎక్కడిదాకా పాకిందో చెప్పేది స్టేజి. ఈ క్యాన్సర్‌లో స్టేజిని ఖాయంగా చెప్పగలిగేది ఆపరేషన్ అయ్యాక, తీసిన భాగాలన్నీ పరీక్ష చేసిన తరువాతనే. ఈ నాలుగు వాక్యాలు ఆ రాత్రి మాకు తెలిసి ఉంటే భయం పోయేది కాదు గాని, దేనికి భయపడాలో తెలిసేది.

నాకు మొదటిసారి సంగతంతా విడమరిచి చెప్పింది విశాఖపట్నంలోని డాక్టరమ్మ. చీటీ వెనక్కి తిప్పి, తలకిందులుగా పెట్టిన జామకాయ బొమ్మ గీశారు. కాయ తొడిమ వైపు సన్నని భాగాన్ని చూపి, ఇది ముఖద్వారం, టీకాలూ పాప్ పరీక్షలూ దీనికి అన్నారు. కాయ లోపల గింజలుండే చోటు చూపి, మీకు వచ్చింది ఇక్కడ అన్నారు. గుజ్జు వరుసను చూపి, ఇది కండ, ఎమ్మారై ప్రకారం జబ్బు ఈ కండలో సగం లోతుకు కూడా పోలేదు, అది మంచి సూచన అన్నారు. ముట్లుడిగిన తరువాత అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోను చేయడం మానేసినా ఒంట్లో కొవ్వు దాన్ని కొంత తయారు చేస్తూనే ఉంటుందని, దాన్ని అదుపు చేసే ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను లేకపోవడంతో లోపలి పొర దళసరెక్కి కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని, అందుకే స్థూలకాయం, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు, పిల్లలు కలగని వాళ్లకు, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ అనే మందు వాడుతున్న వాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువని ఆమె చెప్పారు. ఏ పాపం చేస్తే వచ్చిందోనని నెల రోజులుగా కుమిలిన నాకు ఆ జామకాయ బొమ్మ ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. ఆ చీటీని పాత కాగితం ఉన్న రేకు పెట్టెలోనే పెట్టాను.

మీ పాఠకురాళ్ల కోసం ఆమె చెప్పిన మరొక లెక్క కూడా రాస్తున్నాను. ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడిన ప్రతి 100 మందిలో సుమారు 90 మందికి కారణం క్యాన్సర్ కాదు. పొర పలచబడి ఎండిపోవడమో, చిన్న కండ పెరగడమో, మరొకటో అయి ఉంటుంది. కాబట్టి మరక కనబడగానే గుండె జారిపోనవసరం లేదు. కానీ ఈ క్యాన్సర్ ఉన్నట్టు తేలిన 100 మందిని తీసుకుంటే వాళ్లలో దాదాపు 90 మందికి అసలు లక్షణం ఆ రక్తమే. అంటే జబ్బు తనంతట తానే, చాలామందిలో గర్భసంచి దాటి పోకముందే, తలుపు తట్టి చెబుతోంది. తొలి దశలో పట్టుకుంటే అత్యధికులు అయిదేళ్లు దాటి నిక్షేపంగా బతుకుతున్నారు. ఒక్క చుక్క అయినా, ఒక్కసారే అయినా, నొప్పి లేకపోయినా వెంటనే వెళ్లి చూపించుకోవాలి.

ఇక ఎదురుచూపు సంగతి. ఆపరేషన్ తేదీ ఇంత దూరం ఉండడానికి ఒక కారణం నా చక్కెర. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 9 శాతం దాటి ఉంది. అది అదుపులోకి రాకుండా కోస్తే గాయం మానదు, చీము పట్టవచ్చు. ఈ అయిదారు వారాల వల్ల ముప్పు లేదని, అలాగని నెలల తరబడి వాయిదా వేయకూడదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పారు. అందుకని పొద్దున చోడి (రాగి) అంబలి, సాయంత్రం సీతాసాగరం గట్టు మీద నడక, పూటపూటకూ వేలు గుచ్చి చక్కెర చూసుకోవడం నా దినచర్య అయింది. ఊపిరితిత్తులకు బలం రావడానికి మూడు బంతులున్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మా మనవడు పక్కన కూర్చుని లెక్కపెడతాడు. రెండు బంతులు లేస్తున్నాయి. మూడోది ఇంకా కదిలి ఊరుకుంటోంది. ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి పగటిపూట నన్ను నిలబెడుతుంది. రాత్రి వేరు. రెండు గంటలకు మెలకువ వచ్చి, లోపల అది ఈ క్షణాన పెరుగుతోందా అని కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంటాను. ఆ గంటలో ఏ మాటా పనిచేయదు. అడగవలసిన ప్రశ్నలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాక మాత్రం కొంత మేలనిపించింది. రాత్రి తోచిన భయాన్ని పొద్దున ప్రశ్నగా మార్చి రాస్తే, దానికి జవాబు చెప్పే మనిషి ఒకరున్నారన్న ఆశ పుడుతుంది.

పరామర్శకు వచ్చేవాళ్ల మాటలు ఇంకో తీరు. ప్రేమతోనే వస్తారు, నిజమే. “పుష్యమాసం శూన్యమాసం, పండగ వెళ్లనీ, మాఘంలో మంచి రోజు చూసుకుందాం వదినా” అని ఒకరు. “రాచపుండుకు కత్తి తగిలితే ఒళ్లంతా పాకిపోద్దట, ముక్క తీయించకుండా ఉండాల్సింది” అని ఒకరు. మా చిన్నమ్మ వరస ఆవిడ ఒకరు, నేను తాగిన గ్లాసు వేరే పెట్టమని వంటింట్లో మా కోడలి చెవిలో చెప్పి వెళ్లింది. ముక్క తీయడం వల్ల ఈ జబ్బు పాకదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. మాఘం దాకా జబ్బు ఆగదు. నన్ను నిజంగా కలవరపెట్టింది మా అమ్మాయి సంబంధాల గురించి ఒక బంధువు చేసిన ప్రస్తావన. తల్లికి ఉంటే కూతురికి వస్తుందా అని. అది కూడా నోటుపుస్తకంలో రాసుకుని అడిగాను. ఈ క్యాన్సర్ చాలామందిలో వంశపారంపర్యం కాదు. లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్న కుటుంబాల్లో మాత్రం పెద్దపేగు క్యాన్సర్, గర్భాశయ లోపొర క్యాన్సర్ పలువురికి, తరచు యాభై ఏళ్ల లోపే వస్తాయట. మా వైపు అలాంటిది లేదు. ఉన్న కుటుంబాలు డాక్టరుకు ఆ సంగతి చెప్పితీరాలి. దాస్తే ఆ ఆడపిల్లలకే నష్టం.

ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు రెండు నాళాలు, రెండు అండాశయాలు తీసేస్తారు. కొన్ని లింఫ్ గ్రంథులు తీసి చూస్తారు. నాకు చిన్న రంధ్రాల పద్ధతిలో చేయగలమని అంటున్నారు. ఆరు వారాల దాకా బిందె ఎత్తకూడదు. తీసినదంతా మళ్లీ పరీక్షకు వెళ్తుంది. ఆ రిపోర్టును బట్టి ఆపరేషన్‌తోనే సరిపోతుందా, రేడియేషనో మందులో అవసరమా అన్నది తేలుతుంది. అంటే ఈ ఎదురుచూపు తరువాత ఇంకొక ఎదురుచూపు ఉందని తెలిసే వెళ్తున్నాను.

విశాఖ ఆసుపత్రి వరండాలో చూసినది కూడా చెప్పాలి. రాయగడ వైపు నుంచి వచ్చిన ఒడియా ఆవిడ ఒకరు నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆమెకు తెలుగు రాదు. నర్సు తెలుగులో “ఉపవాసం ఉండి రావాలి, నీళ్లు కూడా అడిగాకే” అని గబగబా చెప్పి వెళ్లిపోయింది. ఆవిడ అర్థమైనట్టు తల ఊపింది. నేను ఒడియాలో అడిగితే ఒక్క ముక్క అర్థం కాలేదని తేలింది. పర్లాకిమిడిలో నాకు ఎదురైన కష్టమే అక్కడ ఆమెకు ఎదురైంది. ఇది తెలుగువాళ్ల గోడు మాత్రమే కాదని చెప్పడానికే ఇది రాశాను. మా జిల్లా కొండల్లో ఉండే సవర తెగ స్త్రీలకైతే అటు తెలుగూ కాదు, ఇటు ఒడియా కాదు. మా ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గరే సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. బడిలో ఆ రోజున నేనూ ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. మనిషి ప్రాణానికి సంబంధించిన మాట మనిషికి తెలిసిన భాషలో ఉండాలన్నదే ఆయన పట్టుదలకు ఇప్పుడు చేయవలసిన మర్యాద అని నాకు తోస్తోంది.

కాబట్టి మీ పత్రికకు నా మొదటి విన్నపం ఇది. ఇకమీదట ఈ రెండు జబ్బులను విడివిడి పేర్లతో రాయండి. ఒకదానికి ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’, రెండోదానికి ‘గర్భాశయ లోపొర క్యాన్సర్’ అంటే సరిపోతుంది. శీర్షికలో చోటు చాలక మాట కుదించవలసి వస్తే గర్భాశయం అన్న మాట తీసేసి ముఖద్వారం అన్న మాట ఉంచండి. టీకా గురించి రాసిన ప్రతిచోటా, ఇది లోపొర క్యాన్సర్‌కు పనిచేయదు, ముట్లుడిగాక రక్తం కనబడితే పరీక్ష బాగున్నా సరే డాక్టరు దగ్గరకు వెళ్లండి అని ఒక్క వాక్యం చేర్చండి. టీకా మంచిదే. మా మనవరాలికి వేయిస్తాము. ఆ మంచి ప్రచారం నాలాంటి వాళ్లకు లేని ధైర్యం ఇవ్వకూడదన్నదే నా తపన.

ఒడిశా ఆరోగ్య శాఖ వారికి కూడా మీ ద్వారా రెండు మాటలు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం ప్రాంతాల్లో శిబిరాల కాగితాలు, ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే పత్రాలు ఒడియాతో పాటు తెలుగులోనూ, సవర పల్లెల్లో వాళ్ల మాట తెలిసిన మనిషి ద్వారానూ అందించాలి. ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్తల ప్రశ్నల్లో ముట్లుడిగిన స్త్రీల కోసం ఆ ఒక్క ప్రశ్న చేర్చాలి. ఖర్చు లేని పని ఇది. ఇక వైద్యం ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే కార్డు సంగతి. ఆంధ్ర ప్రభుత్వ వైద్య పథకం మాకు వర్తించదు. మా రాష్ట్రంలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది కనుక ఆ కార్డు ఉన్నవాళ్లు వేరే రాష్ట్రంలో ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనూ చూపించుకోవచ్చు. ఈ సంగతి తెలియక, విశాఖ వెళ్తే సొంత డబ్బే పెట్టాలనుకుని గాజులు కుదువపెట్టిన ఆవిడ ఒకరు నాకు తెలుసు. బయలుదేరే ముందే ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో, ఈ ఆపరేషన్ అందులో ఉందో లేదో ఫోన్ చేసి అడిగి వెళ్లడం మంచిది.

నా పేరు వేయవద్దని మనవి. మా అమ్మాయి పెళ్లి ఇంకా కుదరలేదు. ఆమె వద్దనలేదు గాని ఇంట్లో పెద్దవాళ్లు అడిగారు, నేను ఒప్పుకున్నాను. ఊరి పేరు మాత్రం తప్పకుండా వేయండి. ఈ ఉత్తరం చదివే మా చుట్టుపక్కల ఆడవాళ్లకు ఇది ఎక్కడో దూరాన జరిగిన సంగతి కాదని తెలియాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.